పట్టీ కింద గాడి

ఉదయం ఆరు. డయాలసిస్ మొదటి షిఫ్టు. ఉద్దానం నుంచి చీకటితోనే బయల్దేరి వచ్చాం. కాటా మీద అత్త 50.1 కిలోలు. డ్రై వెయిట్, అంటే అదనపు నీరు లేనప్పటి బరువు, 48. లెక్క చూస్తే ఇవాళ 2.1 లీటర్లు తీస్తే చాలు. మరి రాత్రంతా ఆయాసంతో కూర్చునే ఉందే?

"ఒంటి మీద లోహం ఉండకూడదు పెద్దమ్మా. పేస్‌మేకర్ లేదు కదా?" అంటాడు ఒంట్లో నీరు కొలిచే మిషన్ తెచ్చిన టెక్నీషియన్ కుర్రాడు.

గిల్టు గాజులు ఇలా లాగితే అలా జారి నా చేతికొచ్చేశాయి. కాలి పట్టీ మాత్రం చర్మంలో దిగబడిపోయింది. కొక్కెం విప్పితే కింద గాడి. కుర్రాడు పక్కన బొటనవేలితో నొక్కాడు. గుంట పడి అలాగే ఉండిపోయింది.

పది నిమిషాలు వెల్లకిలా, కదలకుండా పడుకోవాలి. డయాలసిస్ సూదులు గుచ్చే ఫిస్టులా ఎడమ చేతికి, కాబట్టి కుడి వైపే కొలత. స్పిరిట్ దూదితో తుడిచి చేతి మీద రెండు, పాదం మీద రెండు స్టిక్కర్లు అంటించాడు. వైర్లు చూసి అత్త బిగుసుకుంది.

"షాకు కొడతాదేటి నాయనా?"

"చీమ కుట్టినట్టు కూడా ఉండదు."

నిజమే, ఒక మిల్లీ ఆంపియర్ లోపు కరెంటు. 5 నుంచి 1000 కిలోహెర్ట్జ్ దాకా ఫ్రీక్వెన్సీ మారుతూ పోతుంది. తక్కువలో ఉన్నప్పుడు కరెంటు కణాల పొర దాటలేక బయటి నీళ్లలోనే చుట్టూ తిరుగుతుంది, పెరిగేకొద్దీ కణం లోపలికీ దూరుతుంది. లోపలి నీరెంత, బయటి నీరెంత అన్నది ఈ తేడాలోనే తెలుస్తుంది. కండలో దాదాపు మూడొంతులు నీరే, కరెంటుకి చక్కటి దారి. కొవ్వు అడ్డం పడుతుంది. మిషన్ నేరుగా కొలిచేది ఆ అడ్డాన్నే. తక్కినదంతా ఎత్తు, బరువు, వయసు కలిపి కట్టిన అంచనా. జిమ్ముల్లో పాదాలు పెట్టే కాటాలదీ ఇదే విద్య, కాకపోతే ఆ కరెంటు ఒక కాలు ఎక్కి రెండో కాలు దిగిపోతుంది. పొట్ట సంగతి దానికేం తెలుసు?

తెర మీద అంకె: అదనపు నీరు 3.7 లీటర్లు.

డాక్టరమ్మ ఊపిరితిత్తులు విని, కాగితం మీద తీసివేత వేసింది. 50.1లో 3.7 పోతే 46.4. "నెల రోజులుగా సరిగా తినట్లేదు కదూ?"

అత్త మాట్లాడలేదు. కిలోన్నర పైగా ఒళ్లు కరిగింది, ఆ ఖాళీలో నీరు చేరింది. కాటాకి రెండూ ఒకటే.

"ఒక్కరోజే లాగేస్తే బీపీ పడిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి. కొంచెం కొంచెంగా దించుదాం. రోజూ గుడ్డు తెల్లసొన పెట్టండి."

సూదులు గుచ్చారు, పంపు తిరగడం మొదలైంది. పట్టీలు నా చొక్కా జేబులో ఉన్నాయి. అత్త కాలి మీద గాడి ఇంకా పూడలేదు.