మందుల కొట్టు నుంచి మ్యూజియం దాకా: ఈజిప్టు మీద యూరప్ మోజు

పదహారో శతాబ్దపు యూరప్‌లో ప్రాచీన ఈజిప్షియన్లు మందుల కొట్లలో దొరికేవారు. మమ్మీని దంచి పొడిచేసి, దెబ్బలకూ రక్తస్రావానికీ మందని అమ్మేవారు. పశ్చిమాసియాలో నేలలోంచి ఊరే నల్లని తారును వైద్యులు ఔషధంగా వాడుతుండేవారు. మమ్మీల ఒంటి మీద గడ్డకట్టిన నల్లని పూత కూడా అదేనని నమ్మారు. అలా పూత కోసం మొదలైన బేరం శవం మొత్తానికీ పాకింది. ఈ మందు వల్ల ఏ ప్రయోజనమూ లేదని ఫ్రాన్స్ రాజుల శస్త్రవైద్యుడు ఆంబ్రోయిజ్ పారే 1582లో గట్టిగా రాసినా అమ్మకాలు ఆగలేదు.

ఈజిప్టు గొప్పతనం యూరప్‌కు తెలియక కాదు. హెరొడోటస్ చెప్పిన కథలున్నాయి, రోమన్ చక్రవర్తులు ఎత్తుకొచ్చిన ఏకశిలా స్తంభాలు రోమ్ నగరంలోనే నిలబడి ఉన్నాయి. కానీ వాటి మీది రాత చదివేవాళ్లు లేరు. మనకు దొరికిన ఆఖరి చిత్రలిపి శాసనం ఫిలే ఆలయంలో క్రీ.శ. 394లో చెక్కినది. ఆ తర్వాత లిపి మరుగునపడింది. చదవలేని చోట ఊహ రాజ్యమేలింది. 1650లలో రోమ్‌లోని జెసూట్ పండితుడు అథనేసియస్ కిర్షర్ ప్రతి బొమ్మలోనూ ఏదో గూఢ తత్వాన్ని చూసి పెద్ద పెద్ద సంపుటాలు రాశాడు. ఆయన చదివిన తీరంతా తప్పే. ఒక్కటి మాత్రం సరిగ్గా పట్టుకున్నాడు: ఈజిప్టు క్రైస్తవుల ప్రార్థనల్లో మిగిలిన కోప్టిక్, ఫారోల భాషకు వారసురాలు.

1798 జులైలో నెపోలియన్ సైన్యం అలెగ్జాండ్రియాలో దిగింది. ఇంగ్లండుకు భారతదేశం వైపున్న దారిని దెబ్బతీయాలన్నది ఆ దండయాత్ర ఉద్దేశాల్లో ఒకటి. ఫ్రెంచివాళ్లంటే ఉన్న భయంతోనే ఆంగ్లేయులు ఆ ఏడాది అక్టోబరులో హైదరాబాద్‌లో, నిజాం కొలువులో రేమండ్ తీర్చిదిద్దిన ఫ్రెంచి పటాలం చేత ఆయుధాలు దింపించారు. నెపోలియన్ మాత్రం ఫిరంగులతో పాటు 160 మందికి పైగా పండితుల్నీ చిత్రకారుల్నీ ఇంజనీర్లనూ వెంట తెచ్చాడు. యుద్ధం ఓడిపోయింది, పుస్తకాలు గెలిచాయి. వివాన్ దెనోన్ గీసిన బొమ్మలతో 1802లో వచ్చిన యాత్రా గ్రంథాన్ని యూరప్ విరగబడి చదివింది. పండితులందరి శ్రమ 1809 నుంచి దాదాపు 20 ఏళ్ల పాటు సంపుటాలుగా వెలువడింది. కుర్చీ కోళ్లకు స్ఫింక్స్ తలలు మొలిచాయి. సేవ్ర్ పింగాణీ కార్ఖానా ఈజిప్టు ఆలయాల నమూనాలతో విందు పాత్రలు చేసింది.

1799లో రషీద్ (యూరోపియన్ల నోట రోసెట్టా) అనే రేవు పట్టణం దగ్గర కోట గోడల పనిలో ఫ్రెంచి సైనికులకు మూడు లిపుల రాయి కనిపించింది. 1801లో లొంగిపోయినప్పుడు దాన్ని ఆంగ్లేయులకు అప్పగించాల్సి వచ్చింది. మరుసటి ఏడాదే ఆ రోసెట్టా రాయి బ్రిటిష్ మ్యూజియం చేరింది. అది ఏ నేలదో ఆ నేలవాళ్లను ఎవరూ అడగలేదు. ఈ కథలో ఈ సంగతి మళ్లీ మళ్లీ ఎదురవుతుంది.

జొవాన్ని బెల్జోనీ కథ చూడండి. పాడువాలో పుట్టిన ఈ భారీకాయుడు లండన్ రంగస్థలాల మీద బలప్రదర్శనలు చేసి బతికాడు. ఈజిప్టు పాలకుడు ముహమ్మద్ అలీకి నీళ్లు తోడే యంత్రం అమ్ముదామని వెళ్లాడు, ఆ బేరం కుదరలేదు. 1816లో బ్రిటిష్ కాన్సల్ హెన్రీ సాల్ట్ అతనికి వేరే పని అప్పజెప్పాడు. థీబ్స్‌లో పడి ఉన్న రామ్‌సెస్ రాతి ప్రతిమ, దాని బరువు ఏడు టన్నులు. దుంగలు, తాళ్లు, స్థానిక రైతుల భుజాలు తప్ప ఇంకే సాధనమూ లేకుండా అతను దాన్ని నైలు ఒడ్డుకు చేర్చాడు. 1817లో అబూ సింబెల్ ఆలయ ద్వారం నుంచి ఇసుక తొలగించాడు. అదే ఏడాది అక్టోబరులో మొదటి సేతి సమాధి కనుగొన్నాడు. రంగులు వెలిసిపోని ఆ గోడల నమూనాలను 1821లో లండన్ పికడిల్లీలోని ఈజిప్షియన్ హాలులో టికెట్ పెట్టి ప్రదర్శిస్తే జనం ఎగబడ్డారు. సేతి పాలరాతి శవపేటికను 2,000 పౌండ్లకు కొనడానికి బ్రిటిష్ మ్యూజియం ఒప్పుకోలేదు. దాన్ని వాస్తుశిల్పి జాన్ సోన్ కొని, 1825లో మూడు రాత్రులు దీపాల వెలుగులో అతిథులకు చూపించాడు. అది ఇప్పటికీ లండన్‌లో ఆయన ఇంట్లోనే ఉంది.

పారిస్‌లో ఇంకో మనిషి వస్తువుల జోలికి పోకుండా అక్షరాల వెంట పడ్డాడు. జాన్ ఫ్రాన్స్వా షాంపోలియన్ చిన్నప్పుడే కోప్టిక్‌లో మునిగిపోయాడు. టాలమీ, క్లియోపాత్రా లాంటి గ్రీకు పేర్లలో చిత్రలిపి గుర్తులు ధ్వనుల్ని చెబుతాయని అప్పటికే తేలింది. మరి గ్రీకుల కంటే ముందు కాలానివో? 1822లో అబూ సింబెల్ నుంచి ఎత్తి రాసిన నకళ్లు చేతికొచ్చాయి. ఒక రాజు పేరు గడిలో మొదట సూర్యబింబం, మధ్యలో ఒక గుర్తు, చివర ఒకేలాంటివి రెండు. చివరివి ‘స’ అని టాలమీ పేరు వల్ల తెలుసు. కోప్టిక్‌లో సూర్యుడు ‘రే’. మధ్య గుర్తు రోసెట్టా రాయిలో పుట్టినరోజు ప్రస్తావన ఉన్నచోట కనిపిస్తుంది, కోప్టిక్‌లో పుట్టుకకు ‘మిసే’. కలిపి చదివితే రామ్‌సెస్! సెప్టెంబరు 27న ఆయన తన ఫలితాల్ని పారిస్ అకాడమీ ముందు వినిపించాడు. నా దృష్టిలో ఈ మొత్తం చరిత్రలో అంతకంటే గొప్ప క్షణం లేదు. అప్పటి దాకా వింతవస్తువులైన మనుషులు తమ పేర్లు తామే చెప్పుకున్నారు. అయితే ఆయన కూడా 1829లో సేతి సమాధి గోడలోంచి ఒక ఫలకాన్ని కోయించి పారిస్‌కు పట్టుకుపోయాడు, అదే యాత్రలో పురాతన కట్టడాల్ని కాపాడమని ముహమ్మద్ అలీకి వినతిపత్రమూ ఇచ్చాడు. 1835లో పురావస్తువుల ఎగుమతిని నిషేధిస్తూ ముహమ్మద్ అలీ ఆజ్ఞ జారీచేశాడు. అమలు అంతంత మాత్రమే.

మోజు ఆగలేదు. 1830లలో లండన్‌లో పెటిగ్రూ అనే వైద్యుడు జనం ముందు మమ్మీల కట్లు విప్పేవాడు. దేశదేశాల సంపన్నులు మమ్మీలు సేకరించారు. నిజాం కుటుంబం చేతికి వచ్చిన ఒక మమ్మీ ఈనాటికీ హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియంలో ఉంది.

మరి ఈజిప్షియన్లు? 1869లో కైరోలో చిత్రలిపి నేర్పే బడి తెరిచారు. అక్కడ చదివిన కుర్రాళ్లకు పురావస్తు శాఖలో ఉద్యోగాలు దక్కకుండా ఆ శాఖకు అధిపతిగా ఉన్న ఫ్రెంచి పండితుడు మరియెట్ అడ్డుపడ్డాడు. కొన్నేళ్లకే బడి మూతపడింది. 1922 నవంబరులో హోవర్డ్ కార్టర్ టుటన్‌ఖామున్ సమాధి కనుగొన్నప్పుడు ఈజిప్టు స్వతంత్రమై ఏడాదైనా కాలేదు. తవ్వకాలకు డబ్బు పెట్టిన కార్నర్వన్ ప్రభువు వార్తల హక్కును లండన్ టైమ్స్‌కు అమ్మేశాడు. తమ నేలలో దొరికిన తమ రాజు కబురు కైరో పత్రికలు లండన్ పత్రికలో చూసి తెలుసుకోవాల్సి వచ్చింది. దేశమంతా మండిపడింది. చివరికి అయిదు వేలకు పైగా ఉన్న ఆ నిధి వస్తువులు ఈజిప్టులోనే ఉండిపోయాయి.

ఆ 1869 బడిలో చదివినవారిలో అహ్మద్ కమాల్ ఒకరు. అడ్డంకులన్నీ దాటి కైరో మ్యూజియంలో పనిచేస్తూ ఆయన ప్రాచీన ఈజిప్టు భాషకు 22 సంపుటాల నిఘంటువు రాశారు. అది అచ్చులో చూడకుండానే 1923లో కన్నుమూశారు. ఆయన శిష్యుడు సలీం హసన్ 1929 నుంచి గీజా పిరమిడ్ల పక్కన తవ్వకాలు నడిపారు, కైరో విశ్వవిద్యాలయం తరఫున.