రెండు అబద్ధాలకి జోడీ: కారు ఆంప్లిఫయర్ మీది వాట్ల కథ

కిందటేడు దసరాకి ఊరెళ్తూ ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కానో లేదో, కారులో ఏదో కాలిన వాసన. బండి పక్కకి తీసి బానెట్ ఎత్తి చూశా. ఏమీ లేదు. డిక్కీ తెరిస్తే తెలిసింది సంగతి. మూడు వారాల కిందట ముచ్చటపడి పెట్టించిన సబ్‌వూఫర్ చచ్చిపోయింది. కోన్‌ని వేలితో మెల్లగా నొక్కితే లోపల గరగరమంటోంది. వాయిస్ కాయిల్ మాడిపోయింది. నా మొదటి కారు (సెకండ్ హ్యాండే లెండి), మొదటి మ్యూజిక్ సిస్టమ్, ఆ ఏడాది వచ్చిన బోనస్‌లో సగం... అన్నీ ఆ వాసనలో కలిసిపోయాయి.

పెట్టించేటప్పుడు షాపతను చెప్పిన లెక్క ఇదీ. "సార్, స్పీకర్ వెయ్యి వాట్లు తట్టుకుంటది. ఆంప్ ఇచ్చేది ఎనిమిది వందలే. మీకేం టెన్షన్ లేదు." నాకూ సబబుగానే అనిపించింది. కాలిపోయాక మళ్ళీ వెళ్తే "మీరు సౌండ్ ఎక్కువ పెట్టారు సార్" అన్నాడు. ఇంటికెళ్తే నాన్నగారు ఒక్క ముక్కే అన్నారు: "ఒరేయ్, నువ్వు చదివింది ఈసీఈ కదరా?"

ఆ మాటకి రోషం వచ్చి కూర్చుని చదివా. తేలిందేంటంటే, షాపతని లెక్కలో తప్పు లేదు. తప్పంతా అంకెల్లో ఉంది. ఆ అంకెలు అలా ఎందుకు తయారయ్యాయో తెలియాలంటే తొంభై ఏళ్ళకి పైగా వెనక్కెళ్ళాలి.

1930లో అమెరికాలో పాల్ గాల్విన్ అనే ఆయన తన కారులో రేడియో బిగించుకుని, అట్లాంటిక్ సిటీలో రేడియో తయారీదారుల సభకి నడుపుకుంటూ వెళ్ళాడు. ఆ రేడియోకి పెట్టిన పేరే మోటరోలా. ఆ రోజుల్లో కారు బ్యాటరీ 6 వోల్టులు. రేడియోలో వాల్వులకేమో వందల్లో వోల్టులు కావాలి. మొదట్లో దానికోసం వేరే బ్యాటరీలు మోసుకెళ్ళేవాళ్ళు. తర్వాత వైబ్రేటర్ అని ఒక చిన్న పరికరం వచ్చింది. అది డీసీని టకటకా తెంచి తెంచి ట్రాన్స్‌ఫార్మర్‌కి ఇచ్చి వోల్టేజి పెంచేది. కారులో పాట వినాలంటే ముందు వోల్టేజి సంపాదించాలి. ఈ సమస్య అప్పట్నుంచీ ఇప్పటిదాకా మారలేదు.

ఎందుకు మారలేదో చిన్న లెక్క వేద్దాం (భయపడకండి, ఇంటర్ ఫిజిక్సే). ఇప్పటి కార్లో ఇంజిన్ నడుస్తున్నప్పుడు సిస్టమ్ వోల్టేజి సుమారు 14.4. స్పీకర్ 4 ఓమ్‌లు. పవర్ అంటే వోల్టేజి వర్గాన్ని ఓమ్‌లతో భాగించడమే కదా. 14.4 వర్గం 207. దాన్ని నాలుగుతో భాగిస్తే 52 వాట్లు. డ్యాష్‌బోర్డులో ఉండే స్టీరియోల మీద "50 వాట్స్ ఇంటూ 4" అని రాసి ఉంటుంది చూశారా? అది ఇక్కడిదే. కాకపోతే ఈ 52 రావాలంటే సిగ్నల్ పూర్తిగా చతురస్రాకారపు తరంగం అయిపోవాలి. అంటే పాట పాటలా ఉండదు, గోలలా ఉంటుంది. శుభ్రమైన సైన్ తరంగానికైతే అందులో సగం, 26. లోపలి నష్టాలు పోగా చేతికొచ్చేది 20 చుట్టుపక్కల. 50 అనేది అబద్ధమా అంటే కాదు, షరతులు చెప్పని నిజం.

ఈ షరతులు చెప్పకపోవడం అనే రోగం ముందు ఇళ్ళల్లో వాడే స్టీరియోలకి పట్టింది. 1960ల్లో అమెరికాలో హైఫై సెట్ల పోటీ పెరిగి, ఒకడు "పీక్ పవర్" అని, ఇంకోడు "మ్యూజిక్ పవర్" అని ఎవడికి నచ్చిన కొలత వాడు పెట్టుకున్నాడు. చివరికి అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లో ఒక నిబంధన తెచ్చింది. వాట్లు అని ప్రకటనలో రాస్తే అవి నిరంతరాయంగా ఇవ్వగల వాట్లు అయ్యుండాలి. ఎన్ని ఓమ్‌ల మీద, ఏ ఫ్రీక్వెన్సీ నుంచి ఏ ఫ్రీక్వెన్సీ దాకా, ఎంత డిస్టార్షన్‌తో అనేది కూడా చెప్పాలి. పరీక్షకి ముందు ఆంప్‌ని మూడోవంతు పవర్‌లో గంటసేపు నడిపి వేడెక్కించాలి. ఆ దెబ్బకి చాలామంది అంకెలు దిగొచ్చాయి.

కానీ ఆ నిబంధన వర్తించింది ఇంటి ఆంప్లిఫయర్లకి మాత్రమే. కారు బయట మిగిలిపోయింది. అసలు కథ ఇక్కడే మొదలైంది.

1970ల నుంచి కారుకోసం విడిగా పవర్ ఆంప్‌లు వచ్చాయి. వీటిలో ఉండేది పాత వైబ్రేటర్ చేసిన పనే, ఈసారి ట్రాన్సిస్టర్లతో. బ్యాటరీ వోల్టేజిని సెకనుకి వేలసార్లు స్విచ్ చేసి పైకి పెంచుతారు. అంతే, 26 వాట్ల గోడ బద్దలైంది, వందలూ వేలూ సాధ్యమయ్యాయి. అడిగేవాడు లేడు కాబట్టి డబ్బా మీద ఏ అంకె వేసినా చెల్లింది.

దీంట్లో తమాషా ఏంటంటే అబద్ధం రెండు దిక్కులా నడిచింది. 1980ల చివర్లో అమెరికాలో కారు స్టీరియో పోటీలు బాగా పెరిగాయి. వాటిలో పోటీదారుల్ని ఆంప్ మీద కంపెనీ రాసిన వాట్లని బట్టి తరగతులుగా విడదీసేవాళ్ళు. మనవాళ్ళు ఊరుకుంటారా? కావాలని తక్కువ రాసిన ఆంప్‌లు పుట్టుకొచ్చాయి. ఓరియన్ కంపెనీ 225 హెచ్.సి.సి.ఎ. అనే ఆంప్ మీద 4 ఓమ్‌ల దగ్గర ఛానెల్‌కి 25 వాట్లే రాసి ఉండేది. ఓమ్‌లు తగ్గించుకుంటూ పోతే పవర్ దాదాపు రెట్టింపవుతూ పోయేది. కాగితం మీద బుల్లి ఆంప్, డిక్కీలో భూతం. వీటికి "చీటర్ ఆంప్" అని పేరే స్థిరపడిపోయింది. అమ్మకానికి ఎక్కువ రాస్తే లాభం, పోటీకి తక్కువ రాస్తే లాభం. అంకె ఎందుకు వాడతామో తెలిశాక ఎవరైనా దాన్ని అటే వంచుతారు. మన ఆఫీసుల్లో స్టోరీ పాయింట్లు అప్రైజల్‌కి ముడిపెట్టిన రోజునుంచీ ఏమయ్యాయో మీకు నేను చెప్పాలా? :)

మన దేశానికి ఈ రోగం పీఎంపీఓ అన్న పేరుతో వచ్చింది. నా చిన్నప్పుడు ఇంట్లో అసెంబుల్డ్ కంప్యూటర్‌తో పాటు రెండు ప్లాస్టిక్ స్పీకర్లు వచ్చాయి. వాటి మీద వెండి రంగు స్టిక్కర్, వందల వాట్ల పీఎంపీఓ. వాటిని నడిపే అడాప్టరేమో అరచేతిలో పట్టేంత. లోపలికెళ్ళే కరెంటు కన్నా బయటికొచ్చే సౌండ్ పదింతలు ఎక్కువ ఎలా అవుతుందని మేమెవరం అడగలేదు. పీఎంపీఓకి అందరూ ఒప్పుకున్న కొలత పద్ధతి అంటూ ఏదీ లేదు.

ఇంక స్పీకర్ వైపు కథ. 1961లో ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్, 1970ల మొదట్లో రిచర్డ్ స్మాల్ కలిసి (అంటే ఒకరి పని మీద ఒకరు) స్పీకర్‌నీ డబ్బానీ ఒకే సర్క్యూట్‌లా లెక్కగట్టే పద్ధతి ఇచ్చారు. ఇవాళ ప్రతి సబ్‌వూఫర్ స్పెక్ షీట్‌లో ఉండే థీల్-స్మాల్ అంకెలు అవే. వాటిని చూస్తే అర్థమయ్యేదేంటంటే స్పీకర్‌కి రెండు హద్దులు ఉంటాయి. ఒకటి వేడి, ఇంకోటి కోన్ ఎంత దూరం ఊగగలదు అన్నది. రెండోది డబ్బా సైజుని బట్టి మారుతుంది. స్పీకర్‌కిచ్చిన పవర్‌లో చాలా కొద్ది భాగమే సౌండ్ అవుతుంది, మిగతాదంతా కాయిల్‌లో వేడే. "మ్యాక్స్ 1000" అన్నది ఒక క్షణం తట్టుకునే సంగతి. గంటసేపు పాటలు వింటే లెక్కలోకొచ్చేది ఆర్.ఎమ్.ఎస్. అంకె.

కారు ఆంప్‌లకి ఒక కొలత దొరకడానికి 2003 దాకా పట్టింది. ఆ ఏడాది అమెరికా ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ సంఘం సీఈఏ-2006 అనే ప్రమాణం ఒప్పుకుంది. 14.4 వోల్టులు, 4 ఓమ్‌లు, డిస్టార్షన్ 1 శాతానికి మించకూడదు. ఆ షరతుల మీద కొలిచినవాళ్ళే ఆ ముద్ర వేసుకోవాలి. సంఘం పేరు మారాక దాన్ని సీటీఏ-2006 అంటున్నారు. ఇది స్వచ్ఛందమే, చట్టం కాదు. 1974 నాటి నిబంధనని 2024లో సవరించి కొలత షరతుల్ని ఇంకా గట్టిగా బిగించారు కానీ, అదీ ఇంటి ఆంప్‌లకే.

ఇప్పుడు నా డిక్కీ దగ్గరికొద్దాం. ఆంప్ మీద 800 అని ఉంది, పక్కనే 25 ఆంపియర్ల ఫ్యూజు ఉంది. 25 ఇంటూ 14.4 అంటే 360 వాట్లు లోపలికి వెళ్తాయి. ఏబీ క్లాస్ ఆంప్ కాబట్టి నిండు పవర్ దగ్గర ఓ 60 శాతం బయటికొస్తుందనుకున్నా 216. ఫ్యూజు క్షణకాలం ఎక్కువ కరెంటుని వదిలినా నిలకడగా వచ్చేది అంతే. స్పీకర్ అట్ట మీద పెద్దగా 1000, వెనకాల చీమ తలకాయంత అక్షరాల్లో ఆర్.ఎమ్.ఎస్. 150. అంటే 800 నిజానికి 200 పైచిలుకు, 1000 నిజానికి 150. ఆంప్ అబద్ధం నాలుగింతలు, స్పీకర్ అబద్ధం ఆరింతల పైన. సైజు తేడా ఉన్న రెండు అబద్ధాలకి జోడీ కట్టి, ఎక్కువ తక్కువలు పోల్చుకుని, సేఫ్ అనుకున్నాం.

పైగా షాపతను గెయిన్ చివరికంటా తిప్పి, బాస్ బూస్ట్ కూడా పెట్టాడు. గెయిన్ అంటే వాల్యూమ్ కాదు, స్టీరియో ఇచ్చే సిగ్నల్‌కి ఆంప్‌ని సరిపెట్టే మీట. అది మించితే తరంగం తలకాయ తెగి చతురస్రమవుతుంది. పైన చూశాం కదా, చతురస్రానికి పవర్ రెట్టింపు. "చిన్న ఆంప్ పెడితే స్పీకర్ కాలిపోతుంది" అని జనం అనుకోవడానికి మూలం ఇదే. కాల్చేది చిన్న ఆంప్ కాదు, దాన్ని హద్దు దాటించి వాయించడం.

రెండోసారి నేను చేసింది ఇంతే. ముందు స్పీకర్ ఆర్.ఎమ్.ఎస్. అంకె చూశా. తర్వాత దాని కాయిల్స్ కలిపితే ఎన్ని ఓమ్‌లు అవుతాయో చూశా (రెండు 4 ఓమ్‌ల కాయిల్స్ ప్యారలల్‌గా కలిపితే 2, సిరీస్‌లో 8). సరిగ్గా ఆ ఓమ్‌ల దగ్గర, ఇంచుమించు అంతే ఆర్.ఎమ్.ఎస్. ఇచ్చే ఆంప్ తీసుకున్నా. ఫ్యూజుతో సరిచూశా. గెయిన్ నేనే పెట్టుకున్నా. కొత్త ఆంప్ మీద రాసింది 200 వాట్లే. పవర్ రెట్టింపు చేసినా పెరిగేది 3 డెసిబెల్సే కాబట్టి పెద్ద అంకె లేదన్న బెంగ కూడా పోయింది.

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు నాన్నగార్ని ముందు సీట్లో కూర్చోబెట్టి పాట పెట్టా. కాసేపు విని "ఎన్ని వాట్లురా?" అన్నారు.

"రెండొందలు, నాన్నా."

"మొన్నటిది ఎనిమిదొందలన్నావుగా? దీనికే ఎక్కువ వినబడుతోందే!"