తల్లికోడి

మా చిన్నతనమున మా పెరటిలో నొక ముసలి పెట్ట యుండెడిది. అది గ్రుడ్లు పెట్టుట మాని యేడాది దాటినది. రాబోవు సంతలో దానిని అమ్మివేయవలెనని ఇంటిలో నిశ్చయమైనది. ఆ వారముననే పిల్లలకోడిని ముంగిస పట్టుకొనిపోయినది. మూడు దినముల వయస్సు గల తొమ్మిది పిల్లలు దిక్కులేనివైనవి. ఆ రాత్రి మా నాయనమ్మ దీపము తగ్గించి, పిల్లలను ఒక్కొక్కదానినే ముసలి పెట్ట రెక్కల క్రిందికి జేర్చి, గంప బోర్లించినది. తెల్లవారిన తరువాత ఆ పెట్ట రెండు పిల్లలను పొడిచినది. నాయనమ్మ గంపను తీయనీయలేదు. నాలుగవ నాటికి ఆ ముసలిదే గొంతు మార్చి పిల్లలను పిలుచుచు, నూకగింజను ముక్కున నెత్తి, వాని ముందు జారవిడుచుచుండెను. సంత మాటను మరల నెవరును ఎత్తలేదు.

పెట్ట తల్లి యగుట గ్రుడ్డు పెట్టుటవలననా, పొదుగుటవలననా, లేక పిల్లలు దరిజేరుటవలననా? ఈ ప్రశ్నకు రెండువేల యేండ్లకు పైబడిన చరిత్ర గలదు.

క్రీస్తు పూర్వము 4వ శతాబ్దిలో గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిలు తన జంతుశాస్త్ర గ్రంథమున నొక వింతను వ్రాసెను. పెట్ట చనిపోగా పుంజే పిల్లలను వెంటబెట్టుకొని తిరిగి, మేత చూపి, కూయుటను సైతము మానివేసెనట. ఈజిప్టు దేశమున గ్రుడ్లను పెంటలో పాతి, పెట్ట లేకుండగనే పిల్లలను చేయుదురనియు నాయనయే తెలిపెను. తరువాతి కాలమున ఈజిప్టువారు ఇటుక కొలుములు గట్టి వేలకొలది గ్రుడ్లను పొదిగించిరి. ఉష్ణమాపకము లేని ఆ పనివాండ్రు గ్రుడ్డును కనురెప్పకు ఆనించి వేడిమిని పరీక్షించెడివారు. ఈ విధముగా పొదుగుట అను పని తల్లినుండి వేరుపడినది.

ఈ విద్యను ఐరోపాకు తేదలచినవాడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రియోమూరు. 1749లో ఆయన ఈ విషయముపై రెండు సంపుటముల గ్రంథమును ప్రకటించెను. పులియు పెంట వేడిమితో, ఉష్ణమాపకము సాయమున, ఆయన గ్రుడ్లను పొదిగించెను. కాని 21 దినములు గడచి పిల్లలు వెలువడిన పిమ్మట అసలు చిక్కు మొదలైనది. పసిపిల్లకు తన ఒంటి వేడిమిని తానే నిలుపుకొను శక్తి చాలదు. అందుచేత రియోమూరు గొఱ్ఱెతోలు పరచిన ఏటవాలు పెట్టెను చేయించి, దానికి కృత్రిమ మాత యని పేరిడెను. అంతటితో తృప్తిజెందక, వృషణములు తీసిన పుంజులను కూడ మచ్చికచేసి, పిల్లలను పెంచుటకు అలవరచెను. ఒక్క గ్రుడ్డయినను పెట్టజాలని పక్షి తల్లి పనిని నేర్చినది!

19వ శతాబ్దిలో వ్యాపారము ఈ కథను మలుపు త్రిప్పినది. పొదుగుటకు కూర్చున్న పెట్ట గ్రుడ్లు పెట్టదు. మూడు వారములు పొదిగి, మరికొన్ని వారములు పిల్లలను కాచును. లెక్కలు వ్రాసికొను పెంపకందారులకు ఈ మాతృత్వము దోషముగ తోచినది. పొదుగని పెట్టల సంతతినే ఏరి యేరి పెంచిరి. నేడు ప్రపంచ ప్రసిద్ధమైన తెల్ల లెగ్‌హారన్ ఆ మార్గమున నడచిన జాతియే. అయినను ఆ గుణము సమూలముగ నశించలేదు. పొదుగని రెండు జాతులను కలుపగా, పొదుగు పెట్టలు మరల పుట్టుట కలదని 1868లో డార్విను వ్రాసెను.

గుణము ఎచట దాగియున్నదో 20వ శతాబ్ది వెదకినది. మెదడు అడుగున నుండు పిట్యూటరీ గ్రంథి ప్రొలాక్టిన్ అను రసమును స్రవించును. క్షీరదములలో పాలు చేపుటకు తోడ్పడునదియు నిదియే. 1935లో అమెరికాలో ఆస్కార్ రిడిల్, ఆయన సహచరులు ఈ రసమును గ్రుడ్లు పెట్టు కోళ్ల కెక్కించి, పొదుగు లక్షణములను కలిగించిరి. కాని రసముతోనే కథ ముగియలేదు. పొదుగుటకు కూర్చుండని పెట్టను పసిపిల్లలతో కొన్ని దినములు ఇరుకైన చోట నుంచినచో, అదియు క్రమముగా వానిని చేరదీయగలదని తరువాతి ప్రయోగములు చూపినవి. పిల్లల స్పర్శయు, పిలుపును తల్లితనమును మేల్కొల్పును. మా నాయనమ్మ గంప క్రింద జరిగినది ఇదియే.

నేడు మన తెలుగు నేలపై లక్షల కోళ్లు తల్లి నెరుగక పుట్టి, దీపపు వేడిమిలో పెరుగుచున్నవి. హైదరాబాదులోని పరిశోధన సంస్థ పెరటి పెంపకమునకై రూపొందించిన వనరాజ వంటి జాతులలోను పొదుగు గుణము మిక్కిలి తక్కువ. వీనివలన సామాన్యుని యింట గ్రుడ్డు చౌకగ దొరకుచున్నది. ఆ మేలును కాదనరాదు. కాని పిల్లలు మరల కావలసినప్పుడు ఆ పెరటి గృహిణి ఊరిలోని నాటుపెట్టనైన ఆశ్రయింపవలె, లేదా డబ్బిచ్చి కొనవలె. యంత్రము వేడిమి నిచ్చును. గింజను ముక్కున నెత్తి చూపుట, గద్ద నీడను గని హెచ్చరించుట దానికి చేతగాదు.

ఆ ముసలి పెట్ట పెంచిన తొమ్మిదింటిలో ఏడు బ్రతికినవి. అది మరల గ్రుడ్డు పెట్టలేదు. అయినను మా ఇంట దానిని ముసలి పెట్ట యని పిలుచుట మాని, పిల్లలకోడి యనియే పిలిచితిమి.