బ్రిడ్జి వేలం పద్ధతి

కాంట్రాక్ట్ బ్రిడ్జి అను పేకాటలో ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు భాగస్వాములు తమ ముక్కల బలాన్ని వేలంపాట ద్వారా పరస్పరం తెలుపుకొనుటకు ముందుగా చేసుకొనే ఒప్పందాల సముదాయాన్ని వేలం పద్ధతి అంటారు.

రూపకల్పన

ఏడు స్థాయిలు, ఐదు రకాలు (కళావరు, డైమను, ఆఠీను, ఇస్పేటు, నో ట్రంప్) కలిసి మొత్తం 35 పాటలు మాత్రమే ఉన్నాయి. ప్రతి పాట అంతకు ముందరి పాటను మించవలెను. కావున తక్కువ పాటలతో ఎక్కువ సమాచారం తెలుపుటయే రూపకల్పనలోని ప్రధాన సమస్య. బలాన్ని ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1 చొప్పున లెక్కిస్తారు. పేకలో మొత్తం 40 పాయింట్లు. ఇద్దరికీ కలిపి సుమారు 25 ఉంటే 3 నో ట్రంప్, అనగా 13లో 9 పట్లు, సాధ్యమని అంచనా.

ముఖ్య పద్ధతులు

* స్టాండర్డ్ అమెరికన్: 1 నో ట్రంప్ పాటకు 15-17 పాయింట్లు ఉండాలి. ఆఠీను, ఇస్పేటు పాటలతో ఆరంభించుటకు సాధారణంగా ఆ రంగులో 5 ముక్కలు ఉండాలి.
* ప్రెసిషన్: సి.సి.వీ రూపొందించారు. 1 కళావరు పాటకు ఆ రంగుతో సంబంధం లేదు. 16 లేక అంతకు మించిన పాయింట్లను సూచిస్తుంది. అందువలన మిగిలిన ఆరంభ పాటలకు బలపరిమితి ఏర్పడుతుంది. అయితే ప్రత్యర్థులు వెంటనే పెద్ద పాట పాడి సంభాషణకు చోటు లేకుండా చేయవచ్చు. 1969లో తైవాన్ జట్టు ఈ పద్ధతితో బెర్ముడా బౌల్ ఫైనలుకు చేరింది.

నియమం

భాగస్వాముల ఒప్పందాలు రహస్యంగా ఉండరాదు. ప్రత్యర్థులు అడిగినప్పుడు పాట అర్థాన్ని వివరించవలెను. రహస్య సంకేతాలు మోసంగా పరిగణింపబడతాయి.