బూడిదకుప్ప మీది పిల్లి, గేటు కాడి కుక్క

గోలేటి క్వార్టర్లల్ల పెరిగినవాళ్లకు ఈ మాట కొత్తేం కాదు. మా అవ్వ అనేది: "పిల్లికేం పని బిడ్డా, దాని బతుకు అదే బతుకుతది. కుక్కనే చంటిపోరని లెక్క, కనిపెట్టుకోని ఉండాలె." మా ఇంట్ల రెండూ ఉండేవి, కాబట్టి చాలా ఏండ్లు నేనూ అదే నమ్మాను. పెంపుడు జంతువుల చరిత్ర చదవడం మొదలుపెట్టాక అవ్వ మాటలో సగమే నిజమనిపించింది.

నిజమైన సగం కుక్కది. 1914లో జర్మనీలో బాన్ పక్కన ఒబర్‌కాసెల్ అనే చోట రాతిక్వారీలో పనిచేసేవాళ్లకు ఒక పాత సమాధి బయటపడింది. (క్వారీ కూలీలకే దొరకడం బొగ్గుబాయి పిల్లగాడినైన నాకు ఎందుకో నచ్చింది.) అందులో ఇద్దరు మనుషులు, వాళ్లతో ఒక కుక్కపిల్ల. సుమారు 14,000 ఏండ్ల నాటిది. 2018లో దాని పండ్లను పరిశీలించినవాళ్లు చెప్పిందేమంటే, దానికి డిస్టెంపర్ సోకింది, అయినా వారాల తరబడి బతికింది, ఏడు నెలల వయసులో చనిపోయింది. ఎవరో దగ్గరుండి నీళ్లు తాగించి, వెచ్చగా ఉంచి, కక్కింది తుడిచి ఉండకపోతే అన్ని రోజులు బతికేది కాదు. ఆ స్థితిలో అది వేటకూ పనికిరాదు, కావలికీ పనికిరాదు. మరి ఎందుకు సాకినట్టు? అదే జబ్బుతో మా లైన్లో కూనలు కాళ్లు కొట్టుకుంటూ పోయేవి. టీకా ఉంటదని మాకు తెల్వదు.

పిల్లి వచ్చిన దారి వేరు. సైప్రస్‌లో మనిషి పక్కన పాతిపెట్టిన పిల్లి ఎముకలు 9,500 ఏండ్ల నాటివని 2004లో ప్రకటించారు. ధాన్యం ఉన్నచోటికి ఎలుక, ఎలుక వెనక పిల్లి. మన అర్థశాస్త్రం నాలుగో అధికరణంలో ఈ లెక్క చక్కగా రాసి ఉంది: ఎలుకల భయముంటే పిల్లులను, ముంగిసలను వదలాలి, వాటిని పట్టినా చంపినా 12 పణాల జరిమానా. ఆ వెంటనే, కుక్కను అదుపులో పెట్టనివాడికీ అదే జరిమానా, అడవిలో తిరిగేవాళ్లకు మాత్రం మినహాయింపు. అంటే పిల్లిని వదిలెయ్యాలె, కుక్కను పట్టుకోవాలె. అవ్వ చెప్పిందీ అదే కదా!

అయితే పిల్లికి చాకిరీ లేదన్నది చూపు దోషం. మా పిల్లి దొడ్డికి ఎక్కడికి పోయేది? పొయ్యిలోంచి తీసిన బొగ్గుబూడిదను పెరట్లో పోసిన కుప్ప మీదికి. 1947లో అమెరికాలోని మిషిగన్‌లో ఒకావిడ కూడా తన పిల్లికి బూడిదే వాడుతుండేది. ఇల్లంతా మసి అడుగులు పడుతున్నాయని ఆమె ఇసుక అడగడానికి వస్తే, ఎడ్ లో అనే అతను పొడి బంకమట్టి ఇచ్చాడు. ఇవ్వాళ అంగళ్లలో అమ్మే లిట్టర్ పుట్టుక అది. మాకు గ్యాసుపొయ్యి వచ్చినాక కుప్ప పోయింది. పిల్లి బియ్యంబస్తాల వెనక చేరింది. అవ్వ తిట్టింది పిల్లినే.

తిండి సంగతి ఇంకా అన్యాయం. ఎలుకలు పట్టినన్నాళ్లు బాగానే ఉంది. మందు పెట్టి ఎలుకలను చంపినాక దానికి మిగిలింది పెరుగన్నం. కుక్క దాంతో ఎట్లనో నెట్టుకొస్తది గానీ పిల్లికి మాంసం ఉండాలె. మాంసంలో ఉండే టారిన్ అనే పదార్థం చాలకపోతే పిల్లి కండ్లు పాడవుతాయని 1975లో తేలింది. మా పిల్లి చివరి ఏడాది తలుపుకు గుద్దుకునేది. ముసలిదైందనుకున్నం.

కుక్కతో భయం ఇంకోటి ఉండేది, బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు. గొర్రె మెదడుతో చేసే ఆ మందు పద్ధతి 1911లో కసౌలీలో డేవిడ్ సెంపుల్ తయారుచేసింది. ఈ శతాబ్దం మొదటి ఏండ్ల దాకా మన దేశంలో వాడారు. పిల్లి గీరినా, కరిచినా అదే రోగం వస్తదని కాలనీల ఎవలూ అనుకోలేదు. దాన్ని ఒళ్లోనే పడుకోబెట్టుకునేటోళ్లం.

బాపు రిటైరైనప్పుడు క్వార్టర్ ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. మంచిర్యాలలో కిరాయికి తీసుకున్నది మేడమీది రెండు గదులు. కుక్క గురించి నాలుగు రోజులు పంచాయితీ నడిచింది. చివరికి పక్క లైన్ల మామకు అప్పజెప్పినం, పైసలు కూడా ఇచ్చినం. ఫస్ట్ షిఫ్ట్ వాళ్లు తిరిగొచ్చే యాళ్లకు అది మా పాత గేటు కాడ కూర్చుంటున్నదని మామ రెండుసార్లు ఫోన్ చేసి చెప్పిండు.

పిల్లిని అక్కడే వదిలేసినం. ఇల్లు పట్టుకొని ఉంటదన్నది అవ్వ. దాని సంగతి మామ చెప్పలేదు, మేమూ అడగలేదు.