పట్టును మార్చినవాడి హక్కు ఎంతవరకు?

పట్టు మీద పేటెంటు అడగడానికి వచ్చే మనిషి ఎప్పుడూ పురుగు తన పని ముగించాకే వస్తాడు. మల్బరీ ఆకు మేసి గూడు కట్టే పురుగు రెండు సన్నని ఫైబ్రోయిన్ పోగుల్ని సెరిసిన్ అనే బంకతో అతికించి ఒకే దారంగా వదులుతుంది. ఆ దారం బరువులో దాదాపు నాలుగో వంతు బంకే. సబ్బునీళ్లలోనో సోడానీళ్లలోనో ఉడకబెట్టి బంక తీసేస్తే ఫైబ్రోయిన్ మిగులుతుంది. గ్లైసిన్, అలనిన్, సెరిన్ అనే అమైనో ఆమ్లాలు ఒకే వరుసలో పదేపదే వచ్చే పొడవాటి ప్రొటీన్ గొలుసు అది. దీన్ని గాఢమైన లిథియం బ్రోమైడ్ ద్రావణంలో కరిగించి, ఆ లవణాన్ని తొలగించి, పలుచని పొరగానో జెల్‌గానో స్పాంజిలాగానో మలచవచ్చు. గొలుసు మీద కొత్త రసాయన గుంపుల్ని అతికించవచ్చు. గాయాలకు పట్టీలు, కణజాలం పెరగడానికి ఆధారాలు, పండ్లకు పూతలు అంటూ ఇలాంటి పదార్థాలు గత కొన్ని దశాబ్దాలుగా పేటెంటు కార్యాలయాలకు వస్తున్నాయి. అక్కడి పరిశీలకుడు తేల్చాల్సింది ఒక్కటే: ఇందులో పురుగు చేసింది పోగా, పాత రంగుల కార్ఖానాలకు తెలిసింది పోగా, ఈ దరఖాస్తుదారుడిది ఎంత? ఇది ప్రయోగశాలల యుగంలో పుట్టిన కొత్త చిక్కులా కనిపిస్తుంది కానీ, నిజానికి పట్టుకు రంగులద్దే వ్యాపారం 19వ శతాబ్దంలోనే దీన్ని ఎదుర్కొంది, భారీ మూల్యం చెల్లించి ఒక జవాబూ కనుక్కుంది. హక్కు పదార్థం అంతటి మీదా పరుచుకోకూడదు, మార్పు వల్ల వచ్చినట్టు రుజువైన ఫలితం మేరకే ఉండాలి. ఆ జవాబు ఇప్పటికీ సరైనదేనని నా వాదన.

ఫ్రాన్సులోని లియోన్ నగరంతో మొదలుపెట్టాలి. 1856లో లండన్‌లో పద్దెనిమిదేళ్ల విలియం హెన్రీ పెర్కిన్ అనిలిన్ నుంచి ఊదారంగు తయారుచేశాడు. అది మొదట బాగా పట్టింది పట్టు మీదే. మూడేళ్లకు, 1859లో, లియోన్‌లో ఎమాన్యుయెల్ వెర్గాన్ అనే రసాయనవేత్త అనిలిన్‌ను టిన్ క్లోరైడ్‌తో వేడిచేసి మిరుమిట్లు గొలిపే ఎరుపు రాబట్టాడు. అదే ఫుషీన్. రెనార్ సోదరులు దాని హక్కులు తీసుకుని పేటెంటు పొందారు. అప్పట్లో ఫ్రాన్సులో అమల్లో ఉన్నది 1844 నాటి చట్టం. దాని ప్రకారం దరఖాస్తు సవ్యంగా ఉంటే చాలు, కొత్తదా కాదా అని ఎవరూ చూడరు. అందుకే పేటెంటు ఉందని చెప్పుకునే ప్రతి సరుకు మీదా ‘ప్రభుత్వ హామీ లేదు’ అని సూచించే నాలుగు అక్షరాలు ముద్రించాల్సి వచ్చేది. వస్తువు కొత్తదనానికి గానీ విలువకు గానీ రాజ్యం పూచీ పడదన్నమాట. తగవు వస్తే కోర్టు చూసుకుంటుంది.

తగవు రానే వచ్చింది. అనిలిన్ నుంచి ఎర్రటి పదార్థం పుడుతుందని 1856లో నతాన్సన్, 1858లో హాఫ్‌మన్ అప్పటికే పత్రికల్లో రాసి ఉన్నారు. టిన్ క్లోరైడ్ జోలికి పోకుండా ఆర్సెనిక్ ఆమ్లంతో ఇంతకన్నా మెరుగ్గా అదే రంగు తీసే పద్ధతి 1860లోనే తయారైంది. అయినా ఫ్రెంచ్ కోర్టులు రెనార్ పక్షానే నిలిచాయి. ఏ దారిన తయారైనా ఆ రంగు పదార్థం వాళ్లదేనన్నాయి. మెరుగైన పద్ధతి ఉన్నా దాన్ని ఫ్రాన్సులో స్వేచ్ఛగా వాడుకోలేని పరిస్థితి. సరిహద్దు అవతల స్విట్జర్లాండ్‌లో అప్పటికి దేశమంతటికీ పేటెంటు చట్టమే లేదు, 1888 దాకా రాలేదు. అక్కడి బాసెల్ నగరం పట్టు రిబ్బన్లకు ప్రసిద్ధి. లియోన్‌లో పుట్టి బాసెల్‌లో పట్టుకు రంగులద్దుతూ బతికిన అలెగ్జాండర్ క్లావెల్ 1859లోనే అక్కడ ఫుషీన్ తయారీ మొదలుపెట్టాడు. తర్వాతి కాలంలో సీబా అన్న పేరుతో ప్రపంచమంతటికీ తెలిసిన సంస్థ ఆ చిన్న రంగుల కార్ఖానాలో వేళ్లూనుకున్నదే. ఫ్రాన్సులో మాత్రం రెనార్ హక్కుల మీద కట్టిన ‘లా ఫుషీన్’ కంపెనీ పదేళ్లు తిరక్కుండానే కుప్పకూలింది. పట్టు రాజధాని అనిపించుకున్న నగరం తన చేతిలో పుట్టిన ఎరుపును తానే పోగొట్టుకుంది.

ఇంత పెద్ద పరిణామాన్ని ఒక్క చట్టం నెత్తిన రుద్దవచ్చా అని అభ్యంతరం చెప్పేవాళ్లున్నారు. అది కొట్టిపారేయదగ్గది కాదు. రంగుల పరిశ్రమ జర్మనీకీ స్విట్జర్లాండ్‌కూ తరలడానికి విశ్వవిద్యాలయాల్లో రసాయనశాస్త్ర బోధన, కంపెనీల సొంత ప్రయోగశాలలు, రైన్ నది రవాణా, అన్నీ తోడ్పడ్డాయి. ఫ్రాన్సులో పరిశీలన ఉండి ఉంటే లియోన్ నిలిచేదని ఎవరూ ప్రమాణం చేయలేరు. కానీ ఆర్సెనిక్ పద్ధతి విషయానికొస్తే కారణం వెతుక్కోనక్కర లేదు. దాన్ని ఆపింది బోధనాలోపం కాదు, నదీ కాదు, కోర్టు తీర్పు. ఆ తీర్పుకు ఆస్కారమిచ్చింది, పత్రికల్ని తిరగేసే మనిషి లేకుండానే పదార్థం మొత్తాన్ని ఒకరి పేర రాసిచ్చిన పద్ధతి. షార్దొన్నే సంగతేమిటని కూడా అడగవచ్చు. 1884లో కృత్రిమ పట్టుకు ఆయన తీసుకున్న ఫ్రెంచ్ పేటెంటు కూడా పరిశీలన లేకుండా వచ్చిందే. అయినా బెజాన్సన్‌లో దాని మీద పెద్ద పరిశ్రమ లేచింది. నిజమే. అయితే 1855లో ఒడెమార్స్, 1883లో జోసెఫ్ స్వాన్ నైట్రోసెల్యులోజ్ పోగుల మీద ముందే పనిచేసి ఉన్నారు. స్వాన్‌కూ షార్దొన్నేకూ మధ్య ఆ పదార్థం ఎవరో ఒక్కరి సొత్తుగా బిగుసుకుపోలేదు కాబట్టే ఇద్దరూ ముందుకు సాగగలిగారు. షార్దొన్నే సాధించింది మంటకు భగ్గుమనే నైట్రోసెల్యులోజ్‌ను కార్ఖానా స్థాయిలో వడికి, నైట్రో గుంపుల్ని తొలగించి, కట్టుకోదగిన బట్టగా మార్చే క్రమం. ఆయన ఉదాహరణ పరిశీలన అక్కర్లేదని చెప్పడం లేదు, హక్కు పద్ధతికి పరిమితమైతే దారి మూసుకుపోదని చెబుతోంది.

లియోన్ చేసిన తప్పుకు జవాబు బెర్లిన్‌లో తయారైంది. జర్మనీ 1877లో పేటెంటు చట్టం చేసినప్పుడు రెండు పనులు చేసింది. దరఖాస్తుల్ని శాస్త్రం తెలిసినవాళ్లు ముందే పరిశీలించాలంది. రసాయన పదార్థాల మీద కాక, వాటిని తయారుచేసే పద్ధతుల మీద మాత్రమే హక్కు ఇచ్చింది. దాంతో కొద్ది ఏళ్లలోనే కొత్త చిక్కు పుట్టింది. డైఅజో కలయిక అనే చర్యకు మూలం 1858లో పీటర్ గ్రీస్ వెల్లడించిన డైఅజో సమ్మేళనాలు. ఆ చర్యకు ఈ అనిలిన్ బదులు ఆ అమీన్ వాడితే ఒక రంగు, మరొకటి వాడితే ఇంకో రంగు. ప్రతి మార్పునూ ఆవిష్కరణ అనాలా? 1884లో పాల్ బ్యోట్టిగర్ ఇదే చర్యతో కాంగో రెడ్ తయారుచేశాడు. పద్ధతిలో కొత్త ఏమీ లేదన్నది ప్రత్యర్థుల వాదన. 1889లో జర్మనీ అత్యున్నత న్యాయస్థానం పేటెంటును నిలబెట్టింది. చర్య పాతదే కావచ్చు, కానీ వచ్చిన రంగు కరక్కాయ వంటి కషాయంలో నానబెట్టడం, పటిక పట్టించడం లాంటివేవీ లేకుండా నూలుకు నేరుగా పట్టింది. రసాయనవేత్త ముందుగా ఊహించలేని ఆ సాంకేతిక ఫలితమే హక్కుకు ఆధారమని కోర్టు చెప్పింది.

అదే 1889లో వాషింగ్టన్‌లో ఇదే నాణేనికి రెండో వైపు తేలింది. లాటిమర్ అనే దరఖాస్తుదారుడు పైన్ చెట్టు సూదుల్లాంటి ఆకుల నుంచి జిగురునూ ఇసక పదార్థాన్నీ వదలగొట్టి నిడుపైన నార తీశాడు. పద్ధతికే కాదు, ఆ నారకే పేటెంటు కావాలన్నాడు. ఆవిష్కరణ విలువైనదని ఒప్పుకుంటూనే పేటెంటు కమిషనర్ కాదన్నాడు. చెట్టులో ఉన్న నారే చెట్టు బయటికొచ్చింది, తీసిన తీరు కొత్తదైనా తీసిన వస్తువు ప్రకృతిదే అన్నాడు. దీన్ని ఒప్పుకుంటే అడవిలో చెట్లకూ పేటెంట్లు ఇవ్వాల్సొస్తుందని ఆయన ఆందోళన. బంక తీసిన పట్టుకు ఈ తీర్పు అచ్చంగా అతుకుతుంది. గూటిలో ఉన్న ఫైబ్రోయిన్‌నే ఎవరో శుభ్రంగా బయటికి తీశారంటే, ఎంత శుభ్రంగా తీసినా అది పురుగు చేసిన ఫైబ్రోయినే. 2013లో అమెరికా సుప్రీంకోర్టు మిరియడ్ కేసులో జన్యువును కణం నుంచి వేరుచేసినంత మాత్రాన కొత్త వస్తువు కాదని తేల్చినప్పుడు, దాని వెనక ఉన్నది ఈ నార తీర్పులోని తర్కమే.

ఈ రెండు తీర్పుల్నీ పక్కపక్కన పెట్టి ఒక దృష్టాంతం చూద్దాం. ఫైబ్రోయిన్ గొలుసులో టైరోసిన్ దాదాపు నూటికి అయిదు పాళ్లు ఉంటుంది. డైఅజోనియం లవణం టైరోసిన్‌కు అతుక్కుంటుందన్నది 1904లో పౌలీ పరీక్ష నాటి నుంచీ ప్రయోగశాలల్లో మామూలు విషయం. 2008లో అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ కాప్లన్ బృందం ఇదే చర్యతో ఫైబ్రోయిన్ మీద రకరకాల గుంపుల్ని అతికించింది. పట్టు నీటికి దగ్గరయ్యే గుణం ఎలా మారుతుందో, దాని మీద మూలకణాలు ఎలా పెరుగుతాయో చూపింది. ఇలాంటి పనిని పరిశీలించే అధికారి ఎదుట అన్నీ పాతవే: పట్టు పాతది, చర్య పాతది, టైరోసిన్‌తో దాని పొత్తూ పాతదే. మార్చిన ఫైబ్రోయిన్ మాత్రం గూటిలో దొరికేది కాదు కాబట్టి లాటిమర్ అడ్డు తొలగుతుంది. కానీ కాంగో రెడ్ ప్రశ్న మిగిలే ఉంటుంది. గుంపు అతుక్కుందన్నది ఎవరైనా ఊహించేదే. అతుక్కున్నాక పదార్థం ఎలా నడుచుకుందన్నది ఊహించలేనిదైతే హక్కు పుడుతుంది. ఆ నడవడిక చూపిన గుంపులకే, చూపిన మోతాదుకే అది చెల్లాలి. డైఅజోనియంతో మార్చిన ఏ పట్టైనా నాదే అన్న క్లెయిమ్ రెనార్ ఎరుపు లాంటిదే, వెనకొచ్చేవాడి మెరుగైన దారిని మూసేస్తుంది.

ఇంత కఠినంగా ఉంటే జనం రహస్యంగా పని చేసుకుంటారనేది బలమైన అభ్యంతరం. పట్టు వ్యాపారంలోనే దానికి చేదు సాక్ష్యం ఉంది. ఉడకబెడితే నాలుగో వంతు బరువు పోతుంది. పట్టు అమ్మేది తూకానికి. ఆ లోటు పూడ్చడానికి ఐరోపా రంగుల కార్ఖానాలు దారానికి లోహ లవణాలు పట్టించడం మొదలుపెట్టాయి. 19వ శతాబ్దం చివరికి టిన్ క్లోరైడ్, ఫాస్ఫేట్, సిలికేట్ తొట్లలో మార్చిమార్చి ముంచితే పోయిన బరువు తిరిగి రావడమే కాదు, రెట్టింపు దాకా ఎక్కేది. గుడ్డ జారులో దర్జా, చేతికి నిండుదనం. ఏ తొట్టిలో ఎంతసేపన్నది ఒక్కో కార్ఖానా గుట్టు. ఆ కాలపు గౌన్లను ఇప్పుడు మ్యూజియంల్లో విప్పి చూస్తే మడత పడిన ప్రతిచోటా గుడ్డ నిలువునా చీలి, వేలు తగిలితే పొడిగా రాలుతుంది. లోహం పీల్చిన ప్రొటీన్ వెలుతురుకూ గాలికీ పెళుసెక్కింది. 1932లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నియమం పెట్టి, లోహ లవణం కలిసిన సరుకును స్వచ్ఛమైన పట్టు పేరుతో అమ్మకూడదనేదాకా కొనేవాళ్లకు దిక్కులేదు. ఈ కథను తరచి చూస్తే కఠినమైన పరిశీలన మీద నింద పడదు. పేటెంట్లు ఇచ్చిన కాలంలోనూ ఇవ్వని కాలంలోనూ గుట్టు గుట్టుగానే ఉంది, ఎందుకంటే లాభం కొనేవాడికి తెలియకపోవడంలోనే ఉంది. మార్పు ఫలితాన్ని కొలిచి చూపమని అడిగే పరిశీలన అందుకు భిన్నంగా, ఎంత లవణం, ఎంతకాలం నిలిచింది అని కాగితం మీద పెట్టిస్తుంది. మన్నికకు పేటెంటు పూచీ కాదు, కాబోదు. కానీ కొలతలు బయటపడితే మన్నికను ప్రశ్నించే దారి తెరుచుకుంటుంది.

మన దేశం ఈ చరిత్రలో జర్మనీ దారికి దగ్గరగా నడిచింది. 1959లో జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ ఇచ్చిన నివేదిక ఆధారంగా వచ్చిన 1970 చట్టం ఆహారం, మందులు, రసాయనాల విషయంలో పద్ధతికే హక్కు ఇచ్చింది. 2005లో పదార్థం మీద హక్కు వచ్చింది. అయితే 3వ సెక్షన్‌లో రెండు కాపలాలు ఉన్నాయి. ప్రకృతిలో దొరికేదాన్ని కనుక్కోవడం ఆవిష్కరణ కాదు. తెలిసిన పదార్థానికి కొత్త రూపమిచ్చి, దాని గుణం మెరుగుపడిందని చూపలేకపోతే అదీ కాదు. ఒకటి లాటిమర్‌ది, రెండోది కాంగో రెడ్‌ది అనవచ్చు. వీటిని పరిశ్రమకు అడ్డంకులుగా చూసేవాళ్లు పట్టును ఒకే పదార్థంగా ఊహిస్తున్నారేమో అనిపిస్తుంది. తెలంగాణలో మహదేవ్‌పూర్, చెన్నూరు వైపు అడవుల్లో మద్దిచెట్ల మీద పెరిగే దసలి పురుగు ఫైబ్రోయిన్ వేరు. అందులో అలనిన్ పాలు ఎక్కువ, వరుసలూ వేరు. మల్బరీ పట్టును తేలిగ్గా కరిగించే లిథియం బ్రోమైడ్‌కు అది లొంగదు. మల్బరీ ఫైబ్రోయిన్ మీద చేసిన ప్రయోగాలు మాత్రమే చూపి ‘పట్టు’ అని మొత్తానికీ క్లెయిమ్ రాసుకున్న దరఖాస్తు వస్తే, దసలి మీద చేసిన కొలతలు చూపమనో, లేదా క్లెయిమ్‌ను మల్బరీకి కుదించుకోమనో పరిశీలకుడు అడగాలి. దసలి గూళ్ల నుంచి ఏదైనా పదార్థం తీయడం మీద రేపు ఎవరైనా పనికి పూనుకుంటే, వాళ్ల ముందు దారి తెరిచే ఉండాలి.