గుర్రం తోక నుంచి లేఆఫ్ దాకా: ‘తగ్గించడం’ మాటల చరిత్ర

ఐటీలో ఉన్నవాళ్లకి ఈ మెయిల్ భాష బాగా తెలుసు. ‘రైట్‌సైజింగ్ చేస్తున్నాం’, ‘హెడ్‌కౌంట్ ఆప్టిమైజ్ చేస్తున్నాం’ అంటారు. మెయిల్ మొత్తం చదివినా ‘మిమ్మల్ని తీసేస్తున్నాం’ అన్న ముక్క కనపడదు. అసలు తగ్గించడానికి ఇంగ్లిష్‌లో ఇన్ని మాటలు ఎక్కడి నుంచి వచ్చాయో ఈరోజు చూద్దాం.

పాత మాటలు చాలావరకు చేతిపనిలోంచి పుట్టినవే. ‘విటిల్’ తీసుకోండి. మధ్యయుగాల ఇంగ్లిష్‌లో ‘థ్విటెల్’ అంటే కత్తి. 14వ శతాబ్దంలో చాసర్ రాసిన ఒక కథలో మర ఆడించేవాడు షెఫీల్డ్ కత్తి ఒకటి దగ్గర పెట్టుకుని తిరుగుతుంటాడు, అది ఇదే. దాంతో కర్రని కొంచెం కొంచెంగా చెక్కడమే విటిల్.

‘కర్టెయిల్’ ఇంకా తమాషా. తోక కత్తిరించిన గుర్రాన్ని ‘కర్టల్’ అనేవాళ్లు. ఫ్రెంచ్ నుంచి వచ్చిన మాట, అందులో ‘టెయిల్’ అనేదే లేదు. జనం తోక గుర్తొచ్చి స్పెల్లింగే మార్చేశారు. గుర్రానికి పోయిన తోక మాటకి మొలిచిందన్నమాట!

‘టేపర్’ అంటే మొదట మైనపు కొవ్వొత్తి. కింద లావుగా, పైకెళ్లేకొద్దీ సన్నగా ఉంటుంది కదా, ఆ ఆకారం నుంచే క్రియ వచ్చింది. 2013లో అమెరికా ఫెడ్ నెలకి 8,500 కోట్ల డాలర్ల బాండ్లు కొంటూ, ఆ కొనుగోళ్లు మెల్లగా తగ్గిస్తామని సూచన ఇచ్చింది. అంతే, మే నెలలో 55 దగ్గర ఉన్న డాలర్ ఆగస్టు చివరికి 68 రూపాయలు దాటింది. అప్పుడు రిజర్వ్ బ్యాంక్ గవర్నర్ మన దువ్వూరి సుబ్బారావు గారే.

ఇక్కడిదాకా కోత కర్రకీ, తోకకీ, బాండ్లకీ. మనుషుల మీదకి ఎప్పుడొచ్చింది? ‘డౌన్‌సైజ్’ కథ చూడండి. 1973 చమురు సంక్షోభం తర్వాత పెట్రోల్ తాగే పెద్ద కార్లు అమెరికాలో భారమయ్యాయి. జనరల్ మోటార్స్ 1977 మోడల్ పెద్ద కార్లని పొట్టిగా, తేలిగ్గా మార్చింది. దానికి వాడిన మాటే డౌన్‌సైజింగ్. 80ల్లోకి వచ్చేసరికి అదే మాట ఉద్యోగులకి తగిలించారు. కారు చిన్నదైతే అది కారుగానే ఉంటుంది. ఉద్యోగి చిన్నవాడు కాడు, బయటికెళ్తాడు. మాట మాత్రం కంపెనీ సైజు గురించే మాట్లాడుతుంది. నాకు ఇందులో పెద్ద తెలివి కనిపిస్తుంది, మర్యాద మాత్రం కనపడదు.

ఇప్పుడు మన దేశానికి వద్దాం, ఎందుకంటే ఇక్కడ మాట మారితే డబ్బు మారుతుంది. 1947 పారిశ్రామిక వివాదాల చట్టానికి 1953లో చేసిన సవరణ రెండు మాటలకి వేర్వేరు అర్థాలిచ్చింది. ‘లేఆఫ్’ అంటే కరెంటు లేకో, ముడిసరుకు లేకో యజమాని తాత్కాలికంగా పని ఇవ్వలేకపోవడం. మీ పేరు మస్టర్ రోల్‌లోనే ఉంటుంది. పూర్తిగా తీసేస్తే అది ‘రిట్రెంచ్‌మెంట్’. ఏడాది సర్వీసు నిండిన కార్మికుడికి నెల నోటీసు లేదా ఆ జీతం, పైగా పనిచేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు జీతం ఇవ్వాలి. 2020లో వచ్చిన ఇండస్ట్రియల్ రిలేషన్స్ కోడ్‌లో కూడా ఈ రెండు మాటలూ విడివిడిగానే ఉన్నాయి.

అంటే న్యూస్‌లో మనం రోజూ వినే ‘లేఆఫ్స్’ చట్టం భాషలో చాలావరకు లేఆఫ్స్ కానే కావు! ఇంకో చిక్కు ఉంది. హెచ్‌ఆర్ పిలిచి ‘మీరే రిజైన్ చేసేయండి, రికార్డు క్లీన్‌గా ఉంటుంది’ అంటే, కాగితం మీద అది రాజీనామా. రిట్రెంచ్‌మెంట్ అని తర్వాత నిరూపించుకోవడం మీ తలనొప్పి. సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ కార్మికుడి కిందకి వస్తాడా అంటే, కోర్టులు డిజిగ్నేషన్ కాదు, నిజంగా చేసే పని చూస్తాయి. అందుకే అలాంటి మీటింగ్‌లో సంతకం పెట్టేముందు ఆ కాగితంలో ఏ క్రియ ఉందో ఒకసారి చదవండి.